పదిహేడో గడి

ఆమె నింపిన ఫారం తిరిగిరాదు. విద్యారుణాల ఆఫీసు మెట్ల మీద నిలబడి ఎవర్నడిగినా ఈ మాటే చెబుతారు. వరండాలో ఎడమ పక్క, మధ్యాహ్నం దాకా నీడ ఉండే మూలలో ఆమె మడతబల్ల. దాని మీద నాలుగు నల్లపెన్నులు, గమ్ముసీసా, వేలిముద్రల ప్యాడ్, స్టేప్లరు, కాగితాలు గాలికి ఎగరకుండా ఒక పాత తాళంకప్ప. బల్లకి ఇవతల ఆమె కుర్చీ, అవతల ఇంకో కుర్చీ. అందులో పిల్ల కూర్చుంటే తల్లో తండ్రో నిలబడాల్సిందే. ఆమె అసలు పేరేమిటో అక్కడ ఎవరికీ అక్కర్లేకపోయింది. అందరూ ఫారాలమ్మ అంటారు, ఆమె పలుకుతుంది.

పదకొండేళ్లుగా ఇదే పని. కాలేజీ చదువుకి సర్కారు లోను ఇస్తుంది, నిజమే, కానీ ఆరు పేజీల ఫారం నింపితే గానీ ఇవ్వదు. ఆ ఫారం చూస్తే చదువుకున్నవాళ్లకే చెమటలు పడతాయి. ఫారాలమ్మకి అది మంచినీళ్లు తాగినంత పని. ఫారం చేతికి రాగానే చివర్న ఉండే రెండు సూచనల కాగితాలని స్కేలు పెట్టి చర్రున చింపేస్తుంది. దళసరి తగ్గుతుంది, పిన్ను బాగా దిగుతుంది. చింపినవి పారెయ్యదు. ఒకవైపు తెల్లగా ఉంటాయి కదా, పెన్ను రాస్తోందో లేదో చూసుకోడానికి కొన్ని బల్ల మీద ఉంచుకుంటుంది, మిగతావి సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకుపోతుంది. రెండో తరగతి ఎక్కాల దగ్గర్నుంచి ఆమె కూతురి చిత్తులెక్కలన్నీ ఆ కాగితాల వెనకే సాగాయి.

ఇక నింపడం మొదలుపెడితే చెయ్యి ఆగదు. పేరు, పుట్టినతేదీ, తండ్రి పని, కాలేజీ, కోర్సు. నాలుగో పేజీలో పదిహేడో గడి దగ్గర 'లేదు' మీద టిక్కు. అయిదో పేజీలో సంతకం. ఆ టిక్కు కొట్టేటప్పుడు కాగితం వైపు కూడా చూడదు, ఎదుటివాళ్లతో మాట్లాడుతూనే కొట్టేస్తుంది. ఫారం మూడో కిటికీకి వెళ్తుంది, ఆ కిటికీ సారు రసీదు ఇస్తాడు, వచ్చినవాళ్లు దణ్ణం పెట్టి వెళ్లిపోతారు. వరండాకి కుడిపక్కన టైపుమిషను పెట్టుకున్న ముసలాయన ఉన్నాడు, టైపు తాత అంటారు. ఆయన దగ్గరికి వెళ్లేవాళ్లంతా ఇక్కడ వరస పొడుగైపోయి వెళ్లేవాళ్లే.

ఆ సోమవారం పొద్దున బల్ల ముందుకి ఒక నర్సు వచ్చి నిలబడింది. తెల్ల యూనిఫాం మీద పేరు చీటీ ఇంకా తియ్యలేదు, రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది.

"గుర్తున్నానా ఆంటీ? ఆరేళ్ల కింద నా ఫారం మీరే నింపారు."

ఫారాలమ్మకి ముఖం గుర్తురాలేదు గానీ, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ గుర్తొచ్చింది. ఆ ఫొటోకి గమ్ము రాస్తున్నప్పుడు మచ్చ చూసి, చిన్నప్పుడు పడ్డావా అని అడిగింది కూడా. పిల్ల నర్సయి ఎదురుగా నిలబడిందంటే ఫారాలమ్మకి ఎంత సంతోషం వేసిందో చెప్పలేం. కూర్చోమంది. టీ చెప్పింది.

"ఒక అర్జీ రాసిపెట్టాలి ఆంటీ. మూడు నెలలు వాయిదా ఆపమని. అమ్మకి ఆపరేషన్ అయింది, చేతిలో డబ్బు ఆడట్లేదు."

"రాద్దాం. ఎంత తీసుకున్నావు?"

"నాలుగు లక్షలు. చదువయ్యేసరికి అయిదు దాటింది. రెండేళ్లుగా ఒక్క నెల తప్పకుండా కడుతున్నాను. ఇంకా నాలుగు మీదే ఉంది." నర్సు టీగ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని నవ్వింది. "నాకు లెక్కలు రావులెండి, ఎక్కడ తప్పుతున్నానో తెలీదు. మా వార్డులో నాతోపాటు చదివినామె ఉంది. ఆమెదీ నాలుగే. చదువయ్యాక కూడా నాలుగే ఉందట. ఇప్పుడు సగం తీరిపోయింది. ఏదో వడ్డీ రాయితీ అంటుంది. అది మాలాంటివాళ్లకి రాదా ఆంటీ?"

ఫారాలమ్మ పెన్ను ఒక్క క్షణం ఆగింది.

"అది అందరికీ రాదులే," అంది.

అనేసి వెంటనే అర్జీ మీదకి వంగింది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎందుకంత తొందరగా జవాబు చెప్పిందో ఆమెకే తెలీలేదు. అర్జీ చక్కగా రాసింది. డబ్బులు తీసుకోలేదు. నర్సు మెట్లు దిగి వెళ్లిపోయాక టీగ్లాసుల మచ్చలు గుడ్డతో తుడిచి, మళ్లీ తుడిచి, అప్పటికీ తుడుస్తూనే ఉండిపోయింది.

సాయంత్రం ఇంట్లో ఫారాలమ్మ భర్త గుమ్మం దగ్గర కూర్చుని కిరసనాయిలు గుడ్డతో గోళ్లలో రంగు వదిలించుకుంటున్నాడు. గోడలకి రంగులు వేసే పని ఆయనది, దొరికిన రోజు కూలి. కూతురు నేల మీద బోర్లా పడుకుని ఒక ఫారం తిరగేస్తోంది. ఆ పిల్లకి కళ్ల పరీక్షలు చేసి అద్దాలిచ్చే చదువులో సీటొచ్చింది. శుక్రవారం నాలుగు గంటల్లోపు లోను దరఖాస్తు రసీదు కాలేజీకి పంపితే సీటు ఉంటుంది, లేకపోతే పక్కవాళ్లకి పోతుంది. ఫారం ఆ మధ్యాహ్నమే ఫారాలమ్మ నింపి తెచ్చింది. ఎదుటి కుర్చీ ఖాళీగా పెట్టుకుని ఆమె నింపిన మొదటి ఫారం అది.

"అమ్మా, పదిహేడులో లేదు అని ఎందుకు కొట్టావు?"

"అక్కడ అదే కొట్టాలి."

"ఎందుకు?"

"ఎందుకేమిటే ప్రశ్నల పుట్టా. పదకొండేళ్లుగా అదే కొడుతున్నాను, అలా కొట్టినవి ఒక్కటంటే ఒక్కటి తిరిగిరాలేదు."

"అది కాదమ్మా నేనడిగేది." పిల్ల లేచి, మంచం కింద నుంచి చిత్తుకాగితాల కట్ట లాగింది. అందులోంచి ఒకటి తీసి తిప్పి పట్టుకుంది. "ఇన్నేళ్లూ వెనకే రాశాను గానీ, ముందేముందో ఎప్పుడూ చూళ్లేదు. నిన్న చదివాను. ఇదిగో, పదిహేడు. విద్యార్థి కుటుంబ వార్షికాదాయము నిర్ణీత పరిమితికి లోబడి ఉన్నచో, విద్యాకాలమందు రుణముపై వడ్డీని ప్రభుత్వమే భరించును. ఇట్టి రాయితీ కోరువారు అవును అని గుర్తించి ఆదాయ ధ్రువపత్రము జతపరచవలెను..."

"మనిషి భాషలో చెప్పు."

"నాలుగేళ్లు చదువుతాను కదా. ఆ నాలుగేళ్లూ అప్పు ఊరికే పడి ఉండదు, వడ్డీ పుడుతూనే ఉంటుంది. అవును అని కొడితే ఆ వడ్డీ సర్కారే కట్టేస్తుంది. నాలుగు తీసుకుంటే చదువయ్యాక నాలుగు దగ్గర్నుంచే కట్టడం మొదలు. లేదు అని కొడితే ఆ వడ్డీ అంతా పోగుపడి అసల్లో కలిసిపోతుంది. ఇక అక్కణ్నుంచి వడ్డీ మీద కూడా వడ్డీ. లోను రెండు రకాలా వస్తుంది. తేడా అంతా ఈ ఒక్క టిక్కే."

ఆయన గోళ్లు రుద్దుకోవడం ఆపాడు. "సర్కారు కడతానంటుంటే మనమెందుకే వద్దనడం?"

"మీకేం తెలుసు," అంది ఫారాలమ్మ విసురుగా. "అవును అంటే సవాలక్ష కాగితాలు అడుగుతారు. ఫారం తిప్పేస్తారు. నేను కూర్చున్న మొదటి ఏడాది మూడు ఫారాలు తిరిగొచ్చాయి, ఒకడికి సీటు పోయింది. వాళ్లమ్మ నా బల్ల తన్నేసి వెళ్లింది. అప్పుడే కిటికీ సారు చెప్పాడు, అక్కడ లేదు అని కొట్టెయ్యవమ్మా, ఏ గొడవా ఉండదని."

ఫారాలమ్మ చెంబు తీసుకుని నీళ్లు తాగబోయి, అది ఖాళీగా ఉంటే అలాగే పట్టుకుని నిలబడింది. నాలుగు తీసుకున్నాను, చదువయ్యేసరికి అయిదు దాటింది. నాకు లెక్కలు రావులెండి. పొద్దుటి నుంచి చెవిలో తిరుగుతున్న నర్సు మాటకి ఇప్పుడు అర్థం తెలిసింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటే ఇదే.

"ఇంకేం రాసుంది అందులో?"

"లేదు అని పొరపాటున గుర్తించినవాళ్లు చదువు ముగిసిన మూడేళ్లలోపు సవరణ దరఖాస్తు పెట్టుకోవచ్చట. ఒప్పుకుంటే కలిపిన వడ్డీ తగ్గిస్తారట."

ఫారాలమ్మ ఆ కాగితం తీసుకుని కిటికీ వెలుతురులో పట్టుకుంది. వెనకనుంచి కూతురి ఏడో తరగతి భిన్నాలు కనిపిస్తున్నాయి.

మంగళవారం ఆఫీసు తలుపులు తియ్యకముందే ఆమె మూడో కిటికీ దగ్గర ఉంది. కిటికీ సారు టిఫిన్‌డబ్బా లోపల పెట్టుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, మెల్లిగా వచ్చాడు. చెడ్డవాడేం కాదు. ఎవరి మీదా అరవడు, చిల్లర లేదని ఎవర్నీ వెనక్కి పంపడు.

"సారూ, పదిహేడులో అవును కొడితే ఏమవుతుంది?"

"పైన తనిఖీ సెక్షన్‌కి పోతుంది. అసలు ఇక్కడే అన్నీ చూసి తీసుకోవాలి నేను. సీలు ఉందా, సంతకం ఉందా, ఆరునెలల్లోపు పత్రమేనా అని. ఒక్కో ఫారానికి అరగంట. సాయంత్రానికి ఎన్ని తేల్చావని నన్నడుగుతారు గానీ, ఎవరికి ఏం మిగిల్చావని అడగరు."

"మరి లేదు కొట్టమని ఎందుకు చెప్పారు?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "ఫారం తిరిగిరాకుండా ఏం చెయ్యాలని అడిగావు, అది చెప్పాను. పిల్లలకేది మంచిదని నువ్వు అడగలేదు కదా ఫారాలమ్మా."

ఆ మాటలో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేదేమో, కోపగించుకోడానికైనా ఉండేది.

తొమ్మిదిన్నరకి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. ఆయన మూటలు మోసే మనిషి, భుజాన గుడ్డ అలాగే ఉంది. పిల్ల కుర్చీ అంచున కూర్చుంది. ఫారాలమ్మ ఫారం తీసుకుంది, ఈసారి సూచనల కాగితాలు చింపలేదు. పేరు, పుట్టినతేదీ, తండ్రి పని. ఏం చదువుతావమ్మా అని అడిగి, ఆ పిల్ల చెప్పే జవాబు వింటూ కిందికి చూస్తే, పదిహేడో గడిలో 'లేదు' మీద టిక్కు పడి ఉంది. చెయ్యి తన దారిన తను కొట్టేసింది. ఆ ఫారాన్ని నిలువునా చింపి, కొత్తది తీసింది.

"మీ ఆదాయం పత్రం తెచ్చారా?" అని ఆయన్నడిగింది.

"అదెందుకమ్మా? నువ్వు నింపితే చాలన్నారు."

ఆమె చెప్పింది. కూతురు చెప్పినట్టే, వడ్డీ పుట్టడం, అసల్లో కలవడం, అన్నీ చెప్పింది. కానీ ఆమెకది కొత్త పాఠం, నోట్లో తడబడింది. ఆయన భుజం మీద గుడ్డ ఇటునుంచి అటు మార్చుకున్నాడు.

"ఆ పత్రానికి ఎన్ని రోజులు తిరగాలి?"

"రెండు. మూడు కావచ్చు."

"నాకు రోజు పోతే కూలి పోతుంది తల్లీ. తర్వాత సంగతి తర్వాత. అయ్యేదేదో ఇవాళ అవ్వనీ." పిల్ల చెయ్యి పట్టుకుని లేపి, కుడిపక్కకి నడిచాడు. టైపు తాత మిషను పక్కకి జరిపి, ఫారం ముందు పెట్టుకుని, మూడు నిమిషాల్లో నాలుగో పేజీ తిప్పేశాడు. ఇక్కడ కూర్చుంటే టిక్కు కనబడదు గానీ, ఆయన ముంజేయి కదిలిన తీరు ఫారాలమ్మకి తెలుసు. ఎందుకంటే అది ఆమె ముంజేయే.

వాళ్లు వెళ్లాక ఆమె వరండా దాటి ఆయన దగ్గరికి వెళ్లింది.

"తాతా, పదిహేడులో లేదు ఎందుకు కొట్టావు?"

ఆయన నోరు తెరిచి నవ్వాడు. "భలేదానివే. నువ్వు నేర్పిందేగా తల్లీ. నీ ఫారాలు తిరిగిరావట్లేదు, నావి వస్తున్నాయి. ఒకరోజు జిరాక్సు కొట్లో నీ ఫారం చూసి, గడి గడీ రాసుకున్నాను. అప్పట్నుంచి నావీ రావట్లేదు."

ఆమె తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఆ రోజు మరో నలుగురొచ్చారు. ఇద్దరు పత్రం తెస్తామని వెళ్లారు, ఇద్దరు టైపు తాత దగ్గరికి వెళ్లారు. ఎండ బల్ల మీదకి వచ్చినా ఆమె గొడుగు తెరవలేదు.

బుధవారం భర్త పని మానుకుని ఆదాయం పత్రం కోసం తిరిగాడు. ఫారాలమ్మ బల్ల తెరిచిందన్న మాటే గానీ కాలుగాలిన పిల్లిలా వరండా అంతా తిరిగింది. ఎవరెవరికి నింపాను? పేర్లు గుర్తులేవు. గమ్ము రాసి అతికించిన ఫొటోలు గుర్తున్నాయి. రెండు జడలు, బిగించిన కాలరు, భయపడ్డ కళ్లు. ఏటా ఎంతమందో లెక్క వెయ్యబోయి, మూడో ఏడాది దగ్గర వదిలేసింది. ఎవరూ ఏమీ అనడం లేదు, అదే ఆమెని ఎక్కువ తినేస్తోంది. ఆ మచ్చ పిల్ల వచ్చి, తిట్టి, బల్ల తన్నేసి పోయినా ఇంత బాధ ఉండేది కాదు. టీ తాగి, దణ్ణం పెట్టి వెళ్లింది.

గురువారం మధ్యాహ్నం డ్యూటీలు మారే వేళకి ఆమె ఆస్పత్రికి వెళ్లింది. సంచిలో రెండు ఖాళీ సవరణ దరఖాస్తులు. ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుందని తెచ్చుకుంది. మూడో అంతస్తులో వార్డు చివర నర్సు దుప్పట్లు మడతపెడుతోంది. ఆమెని చూసి ముఖం వెలిగింది.

"ఆంటీ, మీరా? ఎవరికి బాగాలేదు?"

"ఎవరికీ కాదు. నీతో మాట్లాడాలి."

వచ్చేటప్పుడు బస్సులో నాలుగైదు రకాలుగా అనుకుని వచ్చింది. ఒక్కటీ నోటికి రాలేదు. చివరికి, "రాయితీ నీకూ వచ్చేది. నేనే లేదు అని కొట్టాను," అంది.

నర్సు మడత సగంలో ఆగింది. ఫారాలమ్మ మిగతాదంతా చెప్పింది, సూచనల కాగితాలు చింపెయ్యడంతో సహా. చెబుతున్నంతసేపూ నర్సు దుప్పటి అంచులు కలిపి పట్టుకునే ఉంది.

"తెలిసే కొట్టారా?"

"తెలీదు." అక్కడితో ఆపేస్తే సరిపోయేది. ఆపలేకపోయింది. "తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఫారం తిరిగిరాకపోతే చాలనుకున్నాను. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా అది చదవలేదు."

నర్సు దుప్పటి మడిచి దొంతర మీద పెట్టింది. ఇంకోటి తీసింది. గొంతు మామూలుగానే ఉంది. "చెల్లిది కూడా మీరే నింపారు ఆంటీ. మూడో ఏడాదిలో ఉంది. మీరు నింపితే తిరిగిరాదని నేనే తీసుకొచ్చాను."

ఫారాలమ్మకి తల కొట్టేసినట్టయింది. సంచిలోంచి రెండు దరఖాస్తులూ తీసింది. "దీనికి ఇంకా గడువుంది. చెల్లిది కూడా కుదురుతుంది. కూర్చో, ఇప్పుడే నింపేస్తాను, నాకు రూపాయి వద్దు."

నర్సు కాగితాలు తీసుకుంది. రెండింటినీ చివరిదాకా చూసి, మడిచి జేబులో పెట్టుకుంది.

"వద్దాంటీ. ఇవి నేను చూసుకుంటాను," అంది. "మందులిచ్చే వేళయింది, వెళ్తాను."

మూడు అంతస్తుల మెట్లు దిగి బయటికొచ్చేదాకా ఫారాలమ్మ కళ్లలో నీళ్లు రాలేదు. బస్సులో వచ్చాయి. పక్క సీటావిడ, ఎవరైనా పోయారా అమ్మా అని మెల్లిగా అడిగితే, లేదండీ అని ముక్కు చీదుకుంది.

శుక్రవారం పొద్దున భర్త అన్నం దగ్గర గొణిగాడు. "ఇవాళ తిప్పేశారంటే సీటు పోతుంది. లేదు అని కొట్టి పడేస్తే ఏ భయమూ ఉండదు. ఎలాగో కట్టుకుంటాం. పిల్ల చదువు ఆగిపోకూడదు కదా." ఆ భయం ఆమెకి మాత్రం లేదా? రెండు రోజులుగా అన్నం సయించట్లేదు. కొత్త ఫారం, ఆదాయం పత్రం, జిరాక్సులు అట్టలో పెట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని బయల్దేరింది.

పన్నెండు గంటలకి వాళ్ల వంతు వచ్చింది. కిటికీ సారు నాలుగో పేజీ దాకా మామూలుగా తిప్పాడు. పదిహేడో గడి చూసి కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. ఆదాయం పత్రం వెలుతురుకి పట్టుకున్నాడు.

"సీలుంది. సంతకముంది. సంతకం కింద తేదీ వెయ్యలేదు."

"నిన్న ఇచ్చిందే సారూ."

"నాకు తెలుసు. పైవాళ్లకి ఎలా తెలుస్తుంది?" గొంతు తగ్గించాడు. "ఫారాలమ్మా, ఇన్నేళ్ల పరిచయం కొద్దీ చెబుతున్నాను. అవును మీద గీత గీసేసి, లేదు మీద టిక్కు పెట్టు, పక్కన పిల్లని చిన్న సంతకం చెయ్యమను. ఈ పత్రంతో పనే ఉండదు. రసీదు ఇప్పుడే ఇస్తాను. పిల్ల సీటుతో ఆటలొద్దు."

పెన్ను కూడా ఆయనే ముందుకి తోశాడు. ఫారాలమ్మ దాన్ని అందుకుంది. ఆ చిన్న గీత గియ్యడానికి ఎంతసేపు. గీస్తే సాయంత్రం అందరూ హాయిగా అన్నం తింటారు. అయిదేళ్లకో ఆరేళ్లకో, ఈ పిల్ల ఎక్కడో ఒక బల్ల ముందు కూర్చుని, నాకు లెక్కలు రావులెండి అంటుంది. ఆమె కూతురి వైపు చూసింది. పిల్ల పెదవి కొరుక్కుంటోంది. ప్రశ్నల పుట్ట, ఈ పూట ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

"తేదీ వేయించుకొస్తాం," అంది ఫారాలమ్మ, పెన్ను వెనక్కిచ్చి.

కిటికీ సారు నిట్టూర్చి, ఫారం మీద 'వాపసు' ముద్ర వేసి, కిటికీ కింద సందులోంచి బయటికి తోశాడు. వరసలో ఉన్నవాళ్లంతా చూశారు. వెనకనుంచి ఎవరో, "అదేంటి, ఫారాలమ్మది తిరిగొచ్చిందే," అన్నారు. ఆమె ఫారం అట్టలో పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

ఆదాయం పత్రాలిచ్చే ఆఫీసుకి బస్సులో నలభై నిమిషాలు. వెళ్లేసరికి అధికారి భోజనానికి వెళ్లాడు. ఒంటిగంటన్నరకి వస్తాడన్నారు, రెండింబావుకి వచ్చాడు. తేదీ వెయ్యడానికి ఆయనకి పట్టింది రెండు క్షణాలు. తిరుగు బస్సు ఒక వంతెన దగ్గర ఆగిపోతే, తల్లీ కూతురూ దిగి నడిచారు, నడిచి పరిగెత్తారు. మెట్లెక్కేసరికి మూడూ నలభై. మూడో కిటికీ ముందు వరస మెట్ల దాకా ఉంది. ఇక అయిపోయిందనుకుంది ఫారాలమ్మ.

"తల్లీ, ఇటు," అన్నాడెవరో. వరస మొదట్లో, కిటికీకి ఇద్దరు మనుషుల అవతల, టైపు తాత చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. మిషనుకి తొడుగు వేసేసి, ఎప్పట్నుంచో నిలబడ్డట్టున్నాడు. "చోటు పట్టాను. నా మోకాళ్లు పోయాయి, తొందరగా రా."

నాలుగుకి అయిదు నిమిషాలుండగా కిటికీ సారు పత్రం వెలుతురుకి పట్టుకుని, తేదీ చూసి, రసీదు చింపాడు. కూతురు దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి అక్కడే నిలబడి కాలేజీకి పంపింది. అందింది అని జవాబొచ్చేదాకా ఇద్దరూ ఫోన్ మీంచి కళ్లు తియ్యలేదు. వచ్చాక పిల్ల తల్లి భుజం మీద తల ఆనించింది. ఇంత ఎత్తెప్పుడు ఎదిగిందో ఫారాలమ్మ గమనించలేదు.

వరండాలోకి వచ్చేసరికి ఆమె బల్ల ముందు కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు. తెల్ల యూనిఫాం.

ఫారాలమ్మ వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. నర్సు ఒడిలోంచి రెండు దరఖాస్తులు తీసి బల్ల మీద పెట్టి, తాళంకప్ప వాటి మీదకి జరిపింది. ఒకటి తనది, ఒకటి చెల్లెలిది. రెండూ నిండి ఉన్నాయి. అక్షరాలు బిగుసుకుని, ఒక్కోచోట గడి దాటిపోయి, ఒకచోట కొట్టేసి మళ్లీ రాసి ఉన్నాయి. చేతకానివాళ్ల నింపుడు. కానీ ఒక్క గడి కూడా తప్పులేదు. సూచనలు చదివి నింపినట్టు తెలుస్తూనే ఉంది.

"రెండు పూటలు పట్టింది," అంది నర్సు. "ఒక్కటే వదిలేశాను. తొమ్మిదో గడి."

ఫారాలమ్మ చూసింది. తొమ్మిది: పొరపాటు జరిగిన కారణము. ఆ గడి పక్కన రెండు గీతలంత ఖాళీ. సవరణ దరఖాస్తుల్లో అక్కడేం రాస్తారో ఆమెకి తెలుసు. తెలియక జరిగినది, క్షమించగలరు. అందరూ అదే రాస్తారు, విద్యార్థి పేరు మీద.

"ఏం రాయాలో నాకు తోచలేదు," అంది నర్సు. "నేను చేసింది కాదు కదా. మీరు రాయండి."

కూతురు వెనక నిలబడి ఉంది. టైపు తాత తొడుగు తియ్యకుండా ఇటే చూస్తున్నాడు. ఫారాలమ్మ నల్లపెన్ను తీసి, చిత్తుకాగితం మీద ఒక గీత గీసి చూసుకుంది. రాస్తోంది. దరఖాస్తు దగ్గరికి లాక్కుని, ఒక్కో మాటా రాయడం మొదలుపెట్టింది. విద్యార్థిని పొరపాటు ఏమీ లేదు. ఈ ఫారములు నింపినది నేను. సూచనలు చదవకుండా పదిహేడవ గడిలో లేదు అని గుర్తించినాను. రెండు గీతలూ సరిపోలేదు, రాత పక్క ఖాళీలోకి పాకింది. కింద పొట్టి సంతకం కాకుండా పేరంతా రాసింది. పదకొండేళ్లలో ఆ ఆఫీసు కాగితం మీద ఆమె పేరు పడడం అదే మొదలు. రెండో దరఖాస్తు మీద కూడా అవే మాటలు, అంతే నిదానంగా రాసింది.

నర్సు రెండూ తీసుకుని చదువుకుంది. పేరు దగ్గర కాసేపు ఆగింది.

"తిరిగిరాదు కదా ఆంటీ?"

ఎన్ని వందలమంది ఆ మాట అడిగారో, ఎన్నిసార్లు రానే రాదు అని చెప్పిందో.

"రావచ్చు," అంది ఫారాలమ్మ. "వస్తే ఇద్దరం కూర్చుని చదివి మళ్లీ ఇద్దాం."